దేవుణ్ణి నమ్మనివాళ్ళు వినాయక చవితి ఎట్లా చేసుకుంటారు? అత్త వస్తోంది, టెన్షన్‌గా ఉంది

కేసీ కాలువ గట్టు, కర్నూలు

అందరికీ నమస్తే. నాకు నిజంగానే సలహా కావాలి, కాబట్టి దేవుడున్నాడా లేడా అనే గొడవ దయచేసి ఇక్కడ పెట్టుకోవద్దు.

నేను లెక్కల టీచర్ని, మా ఆయన బ్యాంకులో. ఇద్దరికీ నమ్మకం లేదు. ఆయనది పట్టించుకోని రకం, పండగంటే సెలవు, సెలవంటే నిద్ర. నాకు మాత్రం ఇది పుట్టింట్లోనే వచ్చింది. మా నాయన ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసేవాడు, యూనియన్ మనిషి, హేతువాది. మేం ఇప్పుడుండేది ఆయన కట్టిన ఇంట్లోనే. ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో పూజ అన్నది లేదు. పండగ రోజు కావాలనే పప్పూ చారూ. ఉగాదికి పక్కింటివాళ్ళు బక్షాలు పంపితే తినేవాడు, బాగున్నాయని కూడా అనేవాడు, కానీ మన పొయ్యి మీద ఆ రోజు ప్రత్యేకంగా ఏదీ ఎక్కకూడదు. ముప్పై ఏండ్లు వీధి వినాయకుడికి చందా ఇవ్వలేదు. పిల్లోళ్ళు రసీదు పుస్తకం పట్టుకొని మా గేటు దాకా వచ్చి, "సార్ ఇల్లు కదరా" అని నవ్వుకుంటూ వెనక్కి పోయేవాళ్ళు.

ఒక్క వినాయక చవితి మాత్రం మాకు వేరేగా ఉండేది. ఆ రోజు చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయని వీధంతా తల దించుకొని నడుస్తుంటే, మా నాయన ఏడు గంటలకల్లా నన్నూ తమ్ముణ్ణీ మిద్దె మీదికి ఎక్కించి పడమటి దిక్కు చూపించి, "బాగా చూడండి, రేపు బడిలో ఎవరి పెన్సిల్ పోయినా మీ మీదికొస్తుందేమో చూద్దాం" అనేవాడు. అమ్మ బొరుగులూ వేయించిన చెనిక్కాయలూ కలిపి గిన్నెలో తెచ్చేది. ఒక ఏడు నిజంగానే ఎవరిదో జామెట్రీ బాక్సు పోయి నేనే తీసినానని అన్నారు. మా నాయన మూడు రోజులు నవ్వినాడు.

ఆయన పోయి రెండేళ్ళయింది. మా పాపకు ఏడేళ్ళు. పోయిన ఏడు చవితి మర్నాడు బడినుంచి వచ్చి, "అమ్మా, అందరూ వాళ్ళింట్లో వినాయకుడు ఎంత పెద్దగున్నాడో చెప్పినారు, మాది రిపేరుకు పోయిందని చెప్పినా" అనింది. అప్పుడు నవ్వొచ్చింది గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈసారి చేద్దామనుకుంటున్నా. పాపా నేనూ కలిసి మట్టి బొమ్మ చేస్తాం, కుడుములు, చిత్రాన్నం, మామిడాకుల తోరణం, పక్కింటి పిల్లలందరినీ పిలవడం. పూజ ఉండదు. ఇంతవరకూ బాగానే ఉంది, కానీ అదే రోజుకు ఆదోని నుంచి మా అత్త వస్తోంది. ఆమెకు పూజ అయ్యేదాకా నోట్లో నీళ్ళు కూడా పడవు. మామ పోయి ఐదేండ్లు, అప్పటినుంచి కొడుకు పీటల మీద కూర్చుంటేనే పూజ అంటుంది, ఈయనేమో కూర్చోనంటాడు, ప్రతి పండగకూ ఇదే రభస, మధ్యలో నేను. ఫోన్లో అప్పుడే అడిగింది, "దీపమన్నా ముట్టిస్తావా, అదీ లేదా?" అని.

నేను చేసేది కపటమా? మా నాయన ఉంటే ఏమనేవాడు అని ఒకటే ఆలోచన. మీ ఇండ్లల్లో ఎట్లా నెట్టుకొస్తున్నారో చెప్పండి. చందా సంగతి కూడా.


కుల్లాయప్ప మనవడు, అనంతపురం

అక్కా, మా తాత పేరు కుల్లాయప్ప, నాకూ ఆ పేరే పెట్టినారు. మేం ముస్లింలం కాదు. నార్పల మండలం గూగూడులో మొహర్రంకు కుల్లాయిస్వామిని నిలబెడతారు, ఆ స్వామికి మొక్కుకొని పుట్టినోళ్ళం కాబట్టి ఆ పేరు. మా పక్క దస్తగిరి, ఫక్కీరప్ప, మౌలాలి, ఈ పేర్లన్నీ హిందువుల ఇండ్లల్లో ఉంటాయి, ఎవరికీ వింతగా ఉండదు. పీర్ల దగ్గర చక్కెర చదివించే జనంలో ఎక్కువమంది హిందువులే. అంటే పండగ ఏ మతానిదో, చేసేవాళ్ళది ఏ మతమో మా ఊళ్ళల్లో ఎప్పుడూ లెక్క కుదిరింది లేదు. అట్లాంటి చోట నమ్మకం లేనోడు ఒకడు అదనంగా వచ్చి నిలబడితే కొంప మునిగేదేమీ లేదు, ఇది నా అనుభవం.

నాకు నమ్మకం డిగ్రీలోనే పోయింది. ఆ వయసులో రెండేండ్లు గూగూడు పోలేదు, పోయి ఏం చేయాలి అనుకునేవాణ్ణి. మూడో ఏడు మా జేజికి బాగలేకపోతే ఆమెను తీసుకొని పోవాల్సొచ్చింది. పోతే మా వంశంలో బెంగుళూరికీ బళ్ళారికీ వలస పోయినోళ్ళంతా ఆ రాత్రి అక్కడే ఉన్నారు. ఏడాదికి ఒకసారి వాళ్ళందరినీ ఒక్కచోట చూసేది అక్కడే. పెళ్ళికి పిలిచినా రానోళ్ళు పీర్లకు వస్తారు. అప్పటినుంచి నేనూ పోతున్నా. చేతులు జోడించను, చక్కెర మాత్రం కొని పిల్లోళ్ళకు పంచుతా. మా జేజి ఒకసారి "ఎవురికిస్తే ఏంలేబ్బీ, తీపే కదా" అనింది.

ఒక తమాషా చెప్తా. అగ్నిగుండం తొక్కడంలో మహిమ ఏమీ లేదు, కట్టె నిప్పుల నుంచి వేడి నెమ్మదిగా పాకుతుంది, పాదం ఒక్కో అడుగుకు తగిలేది అర సెకను, గబగబా నడిస్తే చాలామందికి ఏమీ కాదు అని మా చిన్నాయన కొడుక్కు సైన్సు చెప్పినా. వాడు నా మీద నమ్మకంతో దిగినాడు. దిగినోడు ఊరికే నడవకుండా మధ్యలో ఫోన్ తీసి ఫొటో కోసం నిలబడినాడు. పది రోజులు చెప్పులేసుకోలేదు. మా ఊళ్ళో ఇప్పటికీ వాడికి భక్తి లేక కాలిందంటారు. ఫొటో వల్ల కాలిందని నేనొక్కణ్ణే అంటా.

అత్తతో వాదన పెట్టుకోవద్దక్కా. ఆమెకు ఒక మూల ఇచ్చేయండి. మీ బొమ్మ, ఆమె దీపం. మీ ఆయన్ను మాత్రం ఆ రోజు పండుకోనీకండి, కుడుములకు పిండి కలపమనండి.


ఎర్రనేల, ప్రొద్దుటూరు

బాధపెట్టాలని కాదు గానీ సూటిగా చెప్తా. మీరు పెట్టేది పూజ లేని పూజ. బొమ్మ ఉంది, పీట ఉంది, తోరణం ఉంది, కుడుములున్నాయి, ఒక్క మంత్రమే లేదు. ఏడేళ్ళ పిల్లకు ఆ తేడా ఏం తెలుస్తుంది? రేపు అత్త వచ్చి ఆ ఖాళీలో మంత్రం పెట్టేస్తుంది, అంతే, మీ నాయన ముప్పై ఏండ్లు నిలబెట్టింది ఒక పూటలో పోతుంది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలోనే రాసుకున్నాం, 51ఎ అధికరణం చూడండి. రాసుకొని ఏం లాభం? 2011 జనాభా లెక్కల్లో మతం ఏదో చెప్పనివాళ్ళు దేశం మొత్తమ్మీద సుమారు 28.7 లక్షలు, నాలుగొందల మందిలో ఒకరు కూడా కాదు. మిగతా నాస్తికులంతా ఫారంలో మతం రాయించుకొని ఇంట్లో కూర్చున్నారు. నేనూ అందులోనే ఉన్నా, మా అన్న రాయించేసినాడు, నేను ఊళ్ళో లేను.

సంస్కృతి అనే మాట దగ్గర నాకు ఇంకో పేచీ ఉంది. దసరా రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టులో ఉత్సవ విగ్రహాల కోసం ఇనుప రింగులు తొడిగిన కర్రలతో ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుంటాయి, ప్రతి ఏడూ తలలు పగుల్తాయి, పోలీసులు వస్తారు, వైద్య శిబిరం ముందే పెట్టి ఉంచుతారు, అడిగితే సంప్రదాయం అంటారు. భక్తి అంటే ఎదురు మాట్లాడొచ్చు, సంప్రదాయం అన్నాక ఎవరూ నోరెత్తరు. దేవుణ్ణి తీసేసి సంప్రదాయం ఉంచుకుంటాం అనేవాళ్ళను చూస్తే అందుకే నాకు భయం.

అన్నిటికంటే అసలు సంగతి ఇది. మా నాయన పోయినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. మరుసటి ఏడు వరలక్ష్మీ వ్రతానికి మా వీధిలో అందరు ఆడోళ్ళకూ పిలుపొచ్చింది, మా అమ్మకు రాలేదు. ఆమె తలుపు దగ్గరగా వేసుకొని పెసలు ఏరుకుంటూ కూర్చుంది. నాకు దేవుడి మీద నమ్మకం పోయింది పుస్తకాల వల్ల కాదు, ఆ పెసల చాట వల్ల. మీ నాయన పోయి రెండేళ్ళన్నారు కదా. మీ పండగలో మీ అమ్మ ఎక్కడ కూర్చుంటుంది? పొద్దున్నే నాలుగింటికి లేచి కుడుములు ఉడికించేది ఎవరు? దేవుడి సంగతి తర్వాత, ముందు వీటికి జవాబు చెప్పండి.

పోనీ ఏం చేయాలంటే, మన పండగలు మనమే పుట్టించుకోవాలి. నాస్తికోద్యమ నాయకుడు గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినాడు, పిల్లలకు లవణం, సమరం, విజయం అని పేర్లు పెట్టుకున్నాడు, ఉప్పు సత్యాగ్రహం కాలంలో పుట్టినోడు లవణం. పేరు పెట్టడంలో కూడా తన కాలాన్ని గుర్తుపెట్టుకునే దారి వెతుక్కున్నాడు. దండల పెళ్ళిళ్ళు మనమే మొదలుపెట్టినాం. అట్లాంటివి ఇంకా కావాలి.


ఉండ్రాళ్ళు, ఆదోని

నేను భక్తుణ్ణే, అయినా ఈ పక్క వచ్చి చదువుతుంటా, తిట్టుకోండి. పూజ లేని చవితి నాకైతే వేపపువ్వు లేని ఉగాది పచ్చడే. నమ్మకపోతే మానేయండి, అందులో తప్పేమీ లేదు, నమ్మేవాళ్ళది డెకరేషన్ చేసుకోవడమే నాకు కొంచెం చివుక్కుమంటుంది. మా పిల్లోడు ఒకడు హోటల్లో వినాయకుడి పక్కన కాలు మీద కాలేసుకొని ఫొటో దిగి పెట్టినాడు, అట్లాంటిదన్నమాట.

కానీ ఒక్క మాట చెప్పాలని వచ్చినా. చవితి పూజకు దంపతులే పీటల మీద కూర్చోవాలనేది ఏమీ లేదమ్మా. పెండ్లి కాని పిల్లోళ్ళు చేస్తారు, హాస్టల్ పిల్లోళ్ళు చేస్తారు, మా పిన్నమ్మ చిన్నాయన పోయినప్పటి నుంచీ ఒక్కతే చేసుకుంటుంది, పుస్తకం తనే చదువుకుంటుంది. మీ అత్తకు కొడుకు కూర్చోవాల్సిన పని లేదు. ఆమెనే కూర్చోమనండి. కూర్చోకూడదని ఆమెకు ఎవరో చెప్పి ఉంటారు, అంతే.


కేసీ కాలువ గట్టు, కర్నూలు

ఎర్రనేల గారూ, పెసల చాట దగ్గర ఆగిపోయినాను. అమ్మ అనంతపురంలో తమ్ముడి దగ్గరుంటుంది. పండక్కు ఆమెను పిలవాలని నాకు తట్టనేలేదు, మా ఇంట్లో పండగలు ఉండేవి కావు కాబట్టి పండగకు పిలవడం అనే అలవాటే లేదు. ఇప్పుడే ఫోన్ చేసినా, వస్తానంది. "ఏం పండగ? మీకు పండగేంది?" అని రెండుసార్లు అడిగింది.

ఉండ్రాళ్ళు గారూ, ఇది నిజమా? ఐదేండ్ల నుంచి ఇంట్లో జరిగే గొడవకు మందు ఇంత చిన్నదా? కాలు మీద కాలు ఫొటో మా ఇంట్లో ఉండదు, మాట ఇస్తున్నా.


పాత బ్లాక్‌బోర్డు, కడప

ముప్పై నాలుగేండ్లు ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక ఉంటే చదవండి.

అమ్మా, మీ నాయన ఏడు గంటలకే మిద్దె ఎక్కించడంలో ఒక కిటుకుంది. చవితి చంద్రుడు సన్నటి వంక, పొద్దు గూకేటప్పటికే పడమట ఉంటాడు, రాత్రి తొమ్మిది ప్రాంతానికే దిగిపోతాడు. అన్నం తిని తీరిగ్గా ఎక్కితే ఉండడు. ఆకాశం తేటగా ఉంటే పాపకు ఇంకోటి చూపించండి, వెలిగే వంక పక్కన మిగతా గుండ్రమంతా బూడిద రంగులో మసకగా కనబడుతుంది. అది భూమి మీద పడిన ఎండ అక్కడికి పోయి మళ్ళీ మన కంటికి వచ్చే వెలుగు. ఊరంతా తల దించుకున్న రోజున ఇంత మంచి దృశ్యం పైన ఉంటుంది, నాకు ప్రతి ఏడూ బాధే.

పంచాంగం కూడా వదలొద్దు, లెక్కల టీచర్ కదా మీరు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు, ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. అది పూడ్చడానికి రెండున్నర మూడేండ్లకోసారి మనవాళ్ళు అధికమాసం చేరుస్తారు, అందుకే చవితి ఆగస్టు సెప్టెంబరు దాటి పోదు. రంజాన్‌కు ఆ చేర్పు లేదు, కాబట్టి అది ఏడాదికి పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని కాలాలూ తిరుగుతుంది. సంక్రాంతి సూర్యుడి లెక్క, అదీ కదలకుండా లేదు. వివేకానందుడు 1863 జనవరి 12న పుట్టినాడు, ఆ రోజు సంక్రాంతి. ఇప్పుడు 14, 15కు వచ్చింది. పిల్లలకు ఇది చెప్తే కండ్లు ఇంతింత చేసుకొని వింటారు, దేవుడి కథ చెప్తే వినేదానికంటే ఎక్కువగా.

ఇరవై ఒక్క పత్రి తెస్తే ఇంట్లో వృక్షశాస్త్రం క్లాసు పెట్టినట్టే. సి.క్యాంపు రైతుబజార్లో కట్టలు కట్టి అమ్ముతారు, అది కొనకుండా పాపను తీసుకొని కాలువ గట్టు పక్క తిరగండి. గరిక, ఉత్తరేణి, జిల్లేడు, రేగు, వావిలి, ఉమ్మెత్త, ఇవి దొరుకుతాయి. ఉమ్మెత్తా గన్నేరూ విషం, జిల్లేడు పాలు కంట్లో పడకూడదు, తెచ్చినాక చేతులు సబ్బుతో కడిగించండి. పూజ ఉండదన్నారు, దాంతో పాటు వ్రతకథ కూడా వదిలేస్తే మాత్రం తప్పు. శమంతకమణి కథ మంచి డిటెక్టివ్ కథ. మణి పోతుంది, కృష్ణుడి మీద నింద పడుతుంది, ఆయన అడవిలో అడుగుజాడలు పట్టుకొని పోతాడు, గుర్రం దగ్గర సింహం జాడ, సింహం దగ్గర ఎలుగుబంటి జాడ. మీ జామెట్రీ బాక్సు కథ కూడా దాని పక్కన చెప్పండి.

కపటమా అని అడిగినారు. వేదంలో చెప్పిన కర్మలే ముఖ్యమనే మన పూర్వమీమాంసకులకు లోకాన్ని సృష్టించిన దేవుడి అవసరం లేదు, అయినా యజ్ఞాల విషయంలో వాళ్ళంత పట్టింపు ఇంకెవరికీ లేదు. నమ్మకానికీ చేతకూ మధ్య సందు ఈ దేశంలో కొత్తగా వచ్చింది కాదు. నెహ్రూ 1954లో రాసిన వీలునామాలో తను పోయినాక మతకర్మలేవీ వద్దన్నాడు, అదే వీలునామాలో పిడికెడు బూడిద గంగలో కలపమన్నాడు, దాంట్లో మతం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచి ఆ నది మీద ఉన్న ప్రేమ అని రాసుకున్నాడు. ఎర్రనేల తమ్ముడూ, ఆయన్ను కూడా కపటి అంటావా? ఇంకోటి, వీధి వినాయకుణ్ణి అనాదిగా వస్తున్న ఆచారం అంటుంటారు, తిలక్ పుణెలో దాన్ని బహిరంగ ఉత్సవంగా నడిపింది 1893 నుంచే. జనం గుమిగూడటానికి బ్రిటిషువాళ్ళు అడ్డుపడని సాకు కావాల్సొచ్చింది. పండగను జనం తమ అవసరానికి తిప్పుకోవడం ఎప్పుడూ ఉంది.


ఎర్రనేల, ప్రొద్దుటూరు

సార్, నెహ్రూ గంగలో కలపమన్నాడు గానీ గంగకు హారతి పట్టమన్లేదు కదా. అయినా సరే, ఒక మాట ఒప్పుకుంటా. మనవాళ్ళు సభలు పెట్టినారు, కరపత్రాలు వేసినారు, గ్రహణం పూట అందరి ముందూ ఇడ్లీ తినిపించినారు, పిల్లోళ్ళకు మాత్రం ఏమీ పెట్టలేదు. మా ఊరి దసరాను రెండో మైసూరు అంటారు, చిన్నప్పుడు పది రోజులూ లైట్లు చూడనీకి పోయేవాణ్ణి. ఇప్పటికీ పోతా. గుళ్ళోకి పోను, బయట నిలబడి చూసి బజ్జీలు తిని వస్తా. మా సంఘంలో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నా.


గడప లోపల, కడప

నేను ముస్లిం ఇంట్లో పుట్టినదాన్ని, నమ్మకం పోయి పదేండ్లు. పై మాటలన్నీ చదివినా. ఒక తేడా ఉంది, అది ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా.

మీరు నాస్తికులమని చెప్పుకుంటే చుట్టాలు ఎగతాళి చేస్తారు, మహా అయితే ఒక పూట అలుగుతారు. మా ఇంట్లో నేను చెప్పేస్తే మా చెల్లెలి సంబంధం దగ్గర ఆ మాట వస్తుంది. బయట మళ్ళీ వేరే గోల, నేను నమ్మడం లేదని తెలిస్తే చాలు, మా వాళ్ళను తిట్టడానికి నన్ను సాక్షిగా నిలబెట్టాలని చూసేవాళ్ళు తయారవుతారు. నాకు ఆ పని అస్సలు ఇష్టం లేదు. అందుకే మా అమ్మకూ నాకూ మధ్య ఒక ఒప్పందం ఉంది, ఎప్పుడూ మాట్లాడుకోని ఒప్పందం. రోజా నెలలో తెల్లారకముందు తినే సహరీకి ఆమె నన్ను లేపదు, నేను ఆమె ముందు పగలు నీళ్ళు తాగను. ఇఫ్తారుకు అందరికంటే ముందు దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చునేది మాత్రం నేనే. మా అన్న "ఆకలి ఎక్కువైందా?" అని అడిగి నవ్వుతాడు, వాడికి తెలుసు.

నమ్మకంతో పాటు అన్నీ పోతాయనుకున్నా, ఒకటి పోలేదు. జకాత్ లెక్క. ఏడాది పొడుగునా దగ్గర మిగిలిన డబ్బులో రెండున్నర శాతం తీసి ఇవ్వాలనేది. మొదటి ఏడు ఇవ్వలేదు, ఇంక ఎవరికి భయపడాలి అని. ఆ ఏడు మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు ఫీజుకు ఇబ్బంది పడిందని తర్వాత తెలిసింది, మామూలుగా అయితే నా జకాత్ డబ్బు ఆమెకే పోయేది. అప్పటినుంచి రంజాన్ వస్తే లెక్క తీసి ఇచ్చేస్తున్నా. ఎవరో చూస్తున్నారని కాదు, లెక్క వేయడానికి ఒక తేదీ లేకపోతే నేను వేయనని నాకు తెలిసిపోయింది.

మా నానీ, అంటే అమ్మమ్మ, ఉగాది రోజు దేవుని కడప గుడికి పోయేది. ఇక్కడి ముస్లింలు ఉగాదికి వెంకటేశ్వరస్వామి దగ్గరికి పోతారు, ఆ స్వామి భార్య బీబీ నాంచారి మా ఇంటి ఆడపిల్ల, అల్లుడింటికి పండక్కు పోవాలి కదా అనేది నానీ. నానీ ఐదు పూటలా నమాజు చేసే మనిషి. గుడికి ఎట్లా పోతావు నానీ అని అడిగితే, "సారె ఎవరు తీసకపోతారు మరి?" అనేది. ఆమెది నమ్మకమో చుట్టరికమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె పోయినాక మా ఇంట్లో ఎవరూ పోవడం లేదు. నమ్మకం ఉన్నోళ్ళు అది మనకు తగదని మానేసినారు, నమ్మకం లేని నేనొక్కదాన్నే ఉగాదికి పోయి టెంకాయ ఇచ్చి వస్తున్నా.

మీ పాప "రిపేరుకు పోయింది" అనడం మాత్రం నాకు చాలా నచ్చింది. ఆమెకు నా ముద్దులు.


కుల్లాయప్ప మనవడు, అనంతపురం

అక్కా, పండగైపోయి నాలుగు రోజులైంది. ఏమైందో చెప్పకుండా పోతే ఎట్లా?


కేసీ కాలువ గట్టు, కర్నూలు

సారీ, పేపర్లు దిద్దే పని పడింది.

బొమ్మ చేసినాం. తొండం రెండుసార్లు ఊడిపోయింది, మూడోసారి అగ్గిపుల్ల పెట్టి నిలబెట్టినాం. పత్రి పదమూడు రకాలు దొరికినాయి, పాప నోటుబుక్కులో అంటించి పేర్లు రాసింది. కుడుములకు మా ఆయన పిండి కలిపినాడు, ముద్ద గట్టిగై కొన్ని పగిలినాయి, వాటిని ఆయనే తిన్నాడు. అలసంద గుగ్గిళ్ళు అమ్మ చేసింది. పిల్లలు పదకొండు మంది వచ్చినారు.

అత్త సంగతి. ముందు రోజు రాత్రి అడిగినా, "అత్తా, మీరే పీట మీద కూర్చొని చేసుకోండి, మాకేం అడ్డం లేదు" అని. "నేనెట్ల కూచుంటా మ్మా, నేను కూచోగూడదు" అనింది. ఎవరు చెప్పినారంటే, మామ కర్మలప్పుడు ఎవరో పెద్దామె అనిందంట. ఐదేండ్లు ఆ ఒక్క మాట మీద నడిచినాయి. ఆదోనిలో ఒకామె అట్లే చేసుకుంటుందంట, నమ్మే ఆయనే చెప్పినాడు అని చెప్పినా. నమ్మనోళ్ళు చెప్పింటే వినేది కాదు. పొద్దున చూస్తే తలస్నానం చేసి, అద్దాలు పెట్టుకొని, పుస్తకం ఒళ్ళో పెట్టుకొని మా అగ్గిపుల్ల వినాయకుడి ముందు కూర్చోనుంది. అంతా తనే చదివింది, మధ్యలో ఒక పేజీ అతుక్కుపోతే మా ఆయన విడదీసి ఇచ్చి పక్కనే నిలబడినాడు. నేను దండం పెట్టలేదు, ఆమె అడగలేదు. కథ చదివేటప్పుడు పిల్లలంతా లోపలికొచ్చి కూర్చున్నారు, ఎలుగుబంటి దగ్గర ఒకడు భయపడినాడు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడుంటే అత్తే పిలిచి పక్కన కూర్చోబెట్టి చేతికి అక్షింతలిచ్చింది. అమ్మ నా వైపు చూసింది. ఏం చేయాలో నాకూ తెలియలేదు, పాప వచ్చి తల వంచింది, దాని నెత్తిన వేసేసింది.

సాయంత్రం మబ్బు. ఆరున్నర నుంచి మిద్దె మీద కూర్చున్నాం, బొరుగుల గిన్నె కూడా తెచ్చుకున్నాం, ఏడున్నరకు ఒక సందులో రెండు నిమిషాలు కనబడినాడు. బూడిద రంగు భాగం నాకు కనబడలేదు, పాప కనబడిందంటోంది. అత్త కిందనే ఉంటానని చివరకు మెట్ల దాకా వచ్చింది, కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని అక్కడే నిలబడి, "ఉన్నాడా, పోయినాడా?" అని అడుగుతూనే ఉంది. పోయినాడు రా అంటే వచ్చి కూర్చొని బొరుగులు తినింది.


ఎర్రనేల, ప్రొద్దుటూరు

అమ్మను పిలిచినారు, అది చాలు నాకు. చందా ఇచ్చినారా లేదా?


కేసీ కాలువ గట్టు, కర్నూలు

ఇచ్చినా, డీజేకు కాదు, అన్నదానానికి అని చెప్పి ఐదొందలు. నమ్మలేనట్టు ముఖముఖాలు చూసుకున్నారు పిల్లోళ్ళు. పేరు అడగలేదు, వాళ్ళకు తెలిసిన పేరే రాసి రసీదు చేతిలో పెట్టి పోయినారు. చూస్తే మా నాయన పేరు. వెనక్కి పిలిచి మార్పించలేదు.